అరవై రోజుల సంతకం

మా వీధిలో ఉండే డ్రైవరు సాయిబు గారు పోయిన శుక్రవారం తెల్లవారాక కాలం చేశారు. పదకొండు రోజులు జ్వరంతో ఉన్నారు. వారి పెద్దల్లుడు వచ్చి ఆ మాట చెప్పేసరికి నేను తాడేపల్లిగూడెంలో ఒక సభకు పోవడానికి గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నాను. సభకు పోలేదు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక ఏలూరులోనే ఖననం జరిగింది. ఇరుగుపొరుగువారు, బంధువులు, మసీదువారు వచ్చారు. ఆయన దగ్గర నేర్చుకుని ఈ జిల్లాలో ఇప్పుడు లారీలు నడుపుతున్నవారు నాకు తెలిసి పద్దెనిమిది మంది. వారిలో ఒక్కరూ రాలేదు. తప్పు పట్టడానికి రాయడం లేదు. కోతలు అయిన రోజులు, మిల్లులన్నీ ఆడుతున్నాయి. ఒక పూట లారీ ఆపితే మర్నాడు ఆ సీటులో ఇంకొకరుంటారు. కొందరికి కబురే అంది ఉండదు. మేము జనాజాను మోసుకుని ట్రంకురోడ్డు దాటుతుండగా బియ్యం లారీ ఒకటి హారను కొడుతూ వచ్చి, ఆగకుండా, మమ్మల్ని పక్కకు జరిపి పోయింది. నడిపేవారెవరో చూడలేదు. చూడాలనిపించలేదు.

ఈ పత్రికలో ఆయన ప్రస్తావన ఇంతకు ముందు ఒక్కసారే వచ్చింది. ఆ వార్త రాసింది నేనే. అందులో తప్పు లేదు గాని అది చాలదు. అప్పుడు వదిలేసిన సంగతులు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన ఒక షావుకారు గారి మిల్లు లారీ నడిపేవారు. తాడేపల్లిగూడెంలో బియ్యం బస్తాలు ఎత్తి ఏలూరులో దింపడం పని. వార్తల కోసం నేను ఆ దారిన తరచు పోవలసి వచ్చేది. బస్సు నిండితే గాని కదలదు. ఆయన లారీ వేళకు కదిలేది. అందుకని ఆయన పక్కన కూర్చుని పోవడం నాకు అలవాటైంది. నన్ను చూడగానే “ఏవండీ పేపరు గారూ, ఇవాళ ఎక్కడండీ గొడవ?” అనేవారు. అంతకు మించి దారిలో పెద్దగా మాట్లాడేవారు కాదు.

లారీ కదిలే ముందు దాని చుట్టూ ఒకసారి నడిచేవారు. ప్రతి టైరునూ అరచేత్తో కొట్టి చప్పుడు వినేవారు. బస్తాలకు కట్టిన మోకు లాగి చూసేవారు. దారిలో లారీ చెడితే అది వెనక్కి జారకుండా డ్రైవర్లు చక్రం కింద రాయి పెడతారు, బాగయ్యాక ఆ రాయిని రోడ్డు మధ్యనే వదిలేసి పోతారు. అలాంటి రాయి ఎక్కడ కనిపించినా ఆయన లారీ ఆపి, దిగి, దాన్ని పక్కకు దొర్లించి మళ్ళీ ఎక్కేవారు. ఒకసారి గుండుగొలను చేరేలోపు నాలుగుసార్లు దిగారు. నాకు ఆలస్యమైపోతోందని అన్నాను.

“మీరు ఆలస్యంగా వెళ్తే సభ ఆగదండీ. ఈ రాయి మీదకి బండి ఎక్కితే ఇరుసు నిలవదు,” అన్నారు.

ఈ వైపు లారీలు వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. డ్రైవర్లు తయారయ్యే పద్ధతి మాత్రం అప్పుడే స్థిరపడిపోయింది. కొత్తవాడు క్లీనరుగా చేరతాడు. లారీ కడుగుతాడు, హాండిలు తిప్పి ఇంజను లేపుతాడు, రేడియేటరులో నీళ్ళు పోస్తాడు, తిట్లు తింటాడు. స్టీరింగు చక్రం ముట్టుకోనివ్వరు. ఏడాదో రెండేళ్ళో గడిచాక ఒకనాడు డ్రైవరుకు కునుకు వస్తుంది. తిన్నగా పోనిమ్మని చెప్పి చక్రం వాడి చేతిలో పెట్టి తాను పక్కకు ఒరుగుతాడు. తర్ఫీదంతా అదే. ఆ తరువాత లైసెన్సు పరీక్ష. ఖాళీ లారీ, ఖాళీ మైదానం, ముందుకు కొంత, వెనక్కు కొంత, రెండు మలుపులు. పరీక్ష చేసేవారు నియమంలో ఉన్నదే చేస్తారు. నియమంలో ఎద్దులు లేవు, బురద లేదు, బస్తాలు లేవు.

సాయిబు గారు అరవై రోజులు నేర్పేవారు. ఇందులో మొదటి రెండు రోజులు లారీయే ఉండదు. కొత్త మనిషిని వెంటబెట్టుకుని ఏలూరు నుంచి గుండుగొలను దాకా నడిచేవారు. ఏ తూము దగ్గర కంకర లేచిపోయింది, గట్టు ఎక్కడ మెత్తన, వాన కురిస్తే నీళ్ళు ఏ పక్క నిలుస్తాయి, ఇవి కాలికి తెలియాలనేవారు. తరువాత నాలుగు రోజులు బస్తాల మీద కూర్చోబెట్టేవారు. మలుపు తిరిగినప్పుడు బరువు ఎటు తూగుతుందో, బ్రేకు గట్టిగా పడితే ఏమవుతుందో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుందట. “పైన కూర్చున్నవాడికే తెలుస్తుందండీ, కింద కూర్చున్నవాడు ఏం చేస్తున్నాడో.” ఈ మాట ఆయన లారీల గురించే అన్నారు. నేను ఇంకా చాలా చోట్ల దాన్ని గుర్తు చేసుకున్నాను.

ఏడో రోజున చక్రం ఇచ్చేవారు. తిట్టడం, కొట్టడం ఉండేవి కాదు. తప్పు చేస్తే లారీ ఆపించి, దింపి, ఆ తప్పు జరిగిన చోటికి వెనక్కి నడిపించి చూపించేవారు. ఎదురుగా ఎద్దుబండి వస్తే హారను కొట్టనిచ్చేవారు కాదు. ఎద్దులు బెదిరితే లారీ ఆపి, దిగి, వాటిని ముకుతాడు పట్టుకుని దాటించి రమ్మనేవారు. తక్కిన డ్రైవర్లు దీన్ని చూసి నవ్వేవారు. సాయిబు గారి శిష్యులు సగం దూరం లారీ మీదా సగం దూరం ఎద్దు పక్కనా వెళ్తారని గూడెం స్టాండులో ఒక వేళాకోళం ఉండేది. ఆయన చెవిన పడింది. “ఎద్దుకి హారను అర్థం కాదండీ. మనకి ఎద్దు అర్థం కావాలి,” అన్నారు.

ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా ఆయన మొదట అడిగేది పేరూ ఊరూ కాదు. ఇంతకు ముందు ఏం తోలేవారని అడిగేవారు. నేను చాలాకాలం దీన్ని కుశలప్రశ్న అనుకున్నాను. ఒకసారి భీమడోలులో టైరు మారుస్తుంటే కారణం చెప్పారు.

మనిషి నిబ్బరంగా ఉన్నంతసేపూ చెయ్యి చెప్పినట్టు వింటుంది. భయం పుట్టిన క్షణంలో అది పాత పనికి పోతుంది. ఎద్దుబండి తోలినవారు భయపడితే చక్రాన్ని పగ్గంలా గుండెకేసి లాక్కుంటారు, కాళ్ళు ముందుకు తన్నుతారు. కాలి కింద ఏ పెడలుంటే అది పడుతుంది. అందరికంటే జాగ్రత్తగా చూడవలసింది పడవవారిని. చుక్కాని పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకు పోతుంది. లారీ చక్రం ఎటు తిప్పితే లారీ అటే పోతుంది. ఈ తేడా ఎవరికైనా ఒక్క పూటలో తెలుస్తుంది. తెలియడం వేరు, చేతికి అలవాటు కావడం వేరు. భయంలో ఎడమకు తప్పుకోవాలనుకున్న పడవ మనిషి చెయ్యి కుడికి పోతుంది.

“నేర్పవలసింది మనిషికి కాదండీ, మనిషి భయానికి,” అన్నారు సాయిబు గారు.

కొల్లేరు వైపు నుంచి వచ్చేవారిలో పడవవారే ఎక్కువ. వారి కోసం ఆయనకు వేరే పద్ధతి ఉండేది. వేసవిలో కొల్లేరు వెనక్కి తగ్గి, అంచున నేల ఎండి నెర్రెలు విచ్చి, మైళ్ళ కొద్దీ బయలుగా పడి ఉంటుంది. కాలువ లేదు, చెట్టు లేదు, ఎదురొచ్చే మనిషి లేడు. అక్కడికి ఖాళీ లారీ తీసుకుపోయి కొత్తవారి చేత నడిపించేవారు. తాను ఒక జమ్ము గడ్డి కుప్ప వెనక నిలబడి, గడ్డి కుక్కిన గోనెసంచిని ఉన్నట్టుండి లారీ ముందుకు విసిరేవారు. చెయ్యి ఎటు పోయిందో చూసేవారు. మళ్ళీ విసిరేవారు. రోజుల తరబడి అదే పని. వరసగా పది రోజులు చెయ్యి తప్పు పోకపోతే అప్పుడు రోడ్డు మీదికి ఒంటరిగా పంపేవారు.

రెండేళ్ళ క్రితం కొల్లేరు లంక ఊరి నుంచి ఒకాయన వచ్చారు. ముప్ఫై ఏళ్ళుంటాయి. తండ్రి నాటి నుంచి సరుకు పడవ మీద చుక్కాని పట్టిన మనిషి. ఆ ఏడాది వరదకు పడవ పోయింది. ఇద్దరు పిల్లలు. లారీ నేర్చుకుంటే షావుకారు గారు పనిస్తామన్నారట. ఈ పడవాయన చేయి చురుకైనది. రెండు రోజులు నడిచి, నాలుగు రోజులు బస్తాల మీద కూర్చుని, చక్రం పట్టిన మూడు రోజులకే గేరు మార్చేటప్పుడు చప్పుడు రాకుండా మార్చగలిగారు. తాను చూసినవారిలో ఇంత తొందరగా పట్టుకున్నవారు లేరని సాయిబు గారే అన్నారు. ఆ చురుకే పడవాయన కొంప ముంచింది.

తొమ్మిదో రోజు షావుకారు గారు ఇద్దరినీ మిల్లు వరండాలోకి పిలిచారు. నేను అక్కడ లేను. సాయిబు గారూ పడవాయనా వేరువేరుగా చెప్పినవి పోల్చి చూసుకుని రాస్తున్నాను. లైసెన్సు దరఖాస్తుతో పాటు అనుభవమున్న డ్రైవరు తర్ఫీదు ఇచ్చినట్టు కాగితం ఒకటి ఉంటే పని సులువవుతుందని షావుకారు గారి ఉద్దేశం. గుమాస్తా దాన్ని ముందే రాసి ఉంచాడు. అరవై రోజులు తర్ఫీదు ఇచ్చానని అందులో ఉంది. సాయిబు గారి లెక్క ఊరందరికీ తెలుసు కాబట్టి అంతే వేశారు.

తొమ్మిది రోజులే అయ్యాయనీ, కొల్లేరు ఎండేదాకా ఈయనను ఒంటరిగా పంపకూడదనీ సాయిబు గారు చెప్పారు.

“కొల్లేరు ఎండేదాకా నా బస్తాలు మిల్లులో కూర్చుంటాయా? ఏవండీ సాయిబు గారూ, మీరు నేర్పేది లారీయా, సంగీతమా?” అన్నారు షావుకారు గారు. అక్కడున్నవారు నవ్వారు. మీరు సంతకం పెట్టకపోతే పెట్టేవారు స్టాండులో పది మంది ఉన్నారని కూడా అన్నారు.

సాయిబు గారు సంతకం పెట్టకుండా మెట్లు దిగిపోయారు. పడవాయన వెనకే దిగి ఆయన చేయి పట్టుకున్నారు.

“పెట్టండి సాయిబు గారూ. పడవ పోయింది. ఇదీ పోతే నేనింక ఏ రేవుకి పోనండి? తమరు చెప్పినట్టే నడుపుతానండి. మెల్లగా నడుపుతానండి.”

సాయిబు గారు మళ్ళీ మెట్లెక్కి వెళ్ళారు. సంతకం పెట్టారు. “షావుకారు అడిగితే పెట్టలేదండీ. ఈయన అడిగితే పెట్టాను. నా తప్పు అక్కడుంది,” అని చాలాకాలం తరువాత నాతో అన్నారు.

లైసెన్సు వచ్చిన మూడో వారంలో పడవాయన బియ్యం లోడుతో గూడెం నుంచి ఏలూరు వస్తున్నారు. వేరే లారీలో సాయిబు గారు ఆ ఉదయమే ముందు వెళ్ళిపోయారు. గుండుగొలనుకు ఇవతల, రోడ్డు కాలువను ఆనుకుని పోయే చోట, ఎదురుగా ధాన్యం బండ్లు వరసగా వస్తున్నాయి. పట్టపగలు. లారీ వేగం ఎక్కువేమీ కాదని వెనక బండ్లవారే తరువాత చెప్పారు. మొదటి బండి ఎద్దు బెదిరి రోడ్డు మధ్యకు వచ్చింది. ఎడమ పక్కన పొలం ఉంది, అటు తప్పుకుంటే లారీ చేలో దిగబడి ఆగేది, అంతే. పడవాయన ఎడమకు తప్పుకోవాలనుకున్నారు. చేయి కుడికి తిప్పింది. లారీ బండి మీదికి పోయింది. బండి తోలుతున్న గుండుగొలను రైతు లారీ చక్రం కింద పడి అక్కడే ప్రాణం విడిచాడు.

నేను వెళ్ళేసరికి పడవాయన గట్టు మీద కూర్చుని ఉన్నారు. పోలీసులు అడిగిన ప్రతిదానికీ ఎడమకే తిప్పానని చెబుతున్నారు. అబద్ధం చెబుతున్నాడని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. టైర్ల జాడ కుడికి ఉంది మరి.

కోర్టులో కేసు నడిచింది. డ్రైవరుకు తర్ఫీదు సక్రమంగా ఇప్పించామని చూపడానికి షావుకారు గారి వైపు నుంచి ఆ కాగితం దాఖలైంది. సంతకం గుర్తించడానికి సాయిబు గారిని పిలిపించారు. నాదేనని చెప్పి దిగిపోతే సరిపోయేది. ఆ సంగతి ఆయనకు ముందురోజు ఇంటికి వచ్చి చెప్పివెళ్ళినవారు ఉన్నారు. నిజం చెబితే పని పోతుంది, ఆ వయసులో ఇంకొకరు పని ఇవ్వరు. చెప్పకపోతే తప్పంతా పడవాయన నెత్తిన పడుతుంది. ఆ రెండు దారులూ ఆయనకు స్పష్టంగానే తెలుసు.

“ఈ సంతకం మీదేనా?” అని షావుకారు గారి ప్లీడరు గారు అడిగారు.

“నాదేనండీ.”

“అరవై రోజులు తర్ఫీదు ఇచ్చారు గదా?”

“లేదండీ. తొమ్మిది రోజులు.”

“మరి అరవై అని ఉన్న కాగితం మీద సంతకం ఎలా పెట్టారు?”

“అబద్ధం పెట్టానండీ.”

కోర్టు హాలులో ఎవరూ నవ్వలేదు. సాయిబు గారు అక్కడితో ఆగలేదు. చుక్కాని సంగతి, చేతి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. పడవాయన ఎడమకే తిప్పానంటున్నది అబద్ధం కాదనీ, తిప్పానని ఆయన నమ్ముతున్నారనీ అన్నారు. అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పమన్నారు మేజిస్ట్రేటు గారు. సాయిబు గారు ఆగిపోయారు. బోనులోంచి పడవాయన ఆయన వంక చూస్తూ, తన రెండు చేతులూ ముందుకు చాచి, చక్రం పట్టినట్టు పట్టి, తిప్పి చూసుకున్నారు. తన చేయి ఎటు పోయిందో అప్పుడే ఆయనకు తెలిసినట్టుంది.

పడవాయనకు ఆరు నెలల శిక్ష పడింది. లైసెన్సు రద్దయింది, మళ్ళీ ఇవ్వకూడదన్నారు. తప్పుడు కాగితం ఇచ్చినందుకు సాయిబు గారిని మందలించారు. ఆ సాయంత్రమే ఆయన పని పోయింది. షావుకారు గారిని ఎవరూ ఏమీ అడగలేదు, ఎందుకంటే ఆయన దగ్గర కాగితం ఉంది. ఆయన లారీలు మర్నాడు కూడా నడిచాయి, కొత్త మనుషులతో.

మర్నాటి పత్రికలో నేను రెండు వాక్యాలు రాశాను. అజాగ్రత్తగా లారీ నడిపి ఒకరి మరణానికి కారకుడైన డ్రైవరుకు శిక్ష పడిందన్నది ఒకటి. తర్ఫీదు గురించి తప్పుడు కాగితం ఇచ్చిన మరొక డ్రైవరును కోర్టు మందలించిందన్నది రెండోది. తొమ్మిది రోజుల మాట రాయలేదు. తీర్పులో లేనిది రాయకపోవడం నా అలవాటు. పత్రిక వచ్చిన రోజు సాయిబు గారు మా అరుగు ముందు ఆగారు.

“ఏవండీ పేపరు గారూ, రాసినవన్నీ నిజాలేనండీ,” అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఎన్నడూ ఆ వార్త ఎత్తలేదు.

ఆయన గుండుగొలనులో చనిపోయిన రైతు ఇంటికి వెళ్ళారు. ఇంటివారు బయటికి రాలేదు. వాకిట్లో కొంతసేపు కూర్చుని లేచి వచ్చారు. తరువాత రెండుసార్లు వెళ్ళారు. రెండుసార్లూ అంతే. మూడోసారి లోపలి నుంచి ఒక ముసలామె ఇంక రావద్దండీ అని చెప్పిందట. వెళ్ళడం మానేశారు.

పని ఎవరూ ఇవ్వలేదు. ఇన్నాళ్ళూ ఆయన దగ్గర నేర్చుకున్నవారిని ఎగబడి తీసుకున్న యజమానులు, కోర్టులో యజమానికి ఎదురు చెప్పిన మనిషిగా ఆయనను గుర్తుపెట్టుకున్నారు. ట్రంకురోడ్డు పక్కన తాటాకు పందిరి వేసుకుని ట్యూబులకు పంక్చర్లు అతికేవారు. తాను నేర్పినవారి లారీలు కూడా అక్కడ ఆగేవి. వారు కిందికి దిగి నిలబడేవారు. ఆయన వారి టైర్లు అరచేత్తో కొట్టి చూసి పంపేవారు.

పడవాయన శిక్ష ముగించుకుని వచ్చి, ముందు ఏలూరులో సాయిబు గారింటికి వచ్చారు. తిట్టడానికి వచ్చారేమోనని వారి భార్య భయపడ్డారట. పడవాయన గుమ్మం దగ్గరే నిలబడిపోతే సాయిబు గారే లోపలికి పిలిచి, అన్నం పెట్టించి, వేసవి దాకా ఆగమన్నారు.

ఏలూరులో ఆయన శిష్యులొకరు పాత లారీ కొని ఇటుకలు తోలుతుండేవారు. సాయిబు గారు దాని ఇంజను బాగుచేసి పెట్టినందుకు మధ్యాహ్నాల వేళ ఆ లారీ వాడుకోనిచ్చారు. కొల్లేరు ఎండింది. ఎండిన కొల్లేరులో రోడ్డు లేదు కాబట్టి లైసెన్సు అడిగేవారూ లేరు. ఆ వేసవి అంతా సాయిబు గారు రోజూ అక్కడికి పోయి పడవాయనకు లారీ నేర్పారు. సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజున వెళ్ళి చూశాను. ఎండ మండిపోతోంది. లారీ ఒక్కటే దుమ్ము లేపుకుంటూ తిరుగుతోంది. సాయిబు గారు గోనెసంచి విసురుతున్నారు, వెళ్ళి తెచ్చుకుంటున్నారు, మళ్ళీ విసురుతున్నారు. దగ్గుతున్నారు. అప్పటికే మనిషి బాగా చిక్కిపోయారు.

ఈయనకు ఇక లైసెన్సు ఇవ్వరు గదా, ఇదంతా దేనికని అడిగాను.

“లైసెన్సు సర్కారుదండీ. సంతకం నాది. అరవై అని పెట్టాను. తొమ్మిదయ్యాయి. యాభై ఒకటి మిగిలాయి.”

నేను నా పుస్తకం మూసేశాను. కోర్టు కాగితాల్లో ఆ సంతకం ఎక్కడో ఉంది. ఇకపై ఎవరూ తీసి చూడరు. చచ్చిపోయిన రైతు లేచి రాడు. ఇవన్నీ ఆయనకు నాకంటే బాగా తెలుసు.

అరవయ్యో రోజుకు నన్ను రమ్మన్నారు. ఆ రోజు ఇరవైసార్లు సంచి విసిరారు, కుడి నుంచీ ఎడమ నుంచీ, ముందు చెప్పకుండా. ఇరవైసార్లూ పడవాయన చేయి సరిగ్గా పోయింది. సాయిబు గారు సంచిని దులిపి మడతపెట్టి లారీలో వేశారు. “ఇప్పుడు ఈయన్ని ఎక్కడికైనా పంపొచ్చండీ,” అన్నారు. పంపడానికి చోటు లేదు. ముగ్గురం లారీ నీడలో కూర్చుని పుచ్చకాయ కోసుకు తిన్నాం. ఆ తరువాత వానలు వచ్చాయి. పడవాయన తన ఊరు పోయి ఒకరి దగ్గర రేవు పడవ మీద కూలికి చేరారు. సాయిబు గారు దగ్గుతో మంచం పట్టడం, లేవడం, మళ్ళీ పట్టడం, ఇలా శీతాకాలం దాకా నడిచింది.

ఆయన పోయిన మూడో రోజు నేను కొల్లేరు వెళ్ళాను. పడవాయనకు కబురు చేరి ఉండదని నా అనుమానం. చేరలేదు. రేవులో పడవ కట్టి ఉంది, నేనొక్కణ్ణే ఎక్కాను. నీళ్ళలోకి కొంత దూరం పోయాక చెప్పాను. ఆయన విన్నారు. ఎప్పుడు, ఎక్కడ పెట్టారు, అమ్మగారు ఎలా ఉన్నారు అని మూడే మాటలు అడిగారు. తరువాత చుక్కాని పిడి మీద చేయి అలాగే ఉంచి ముందుకు చూస్తూ నడిపారు. కొల్లేరు నిండుగా ఉంది.

జమ్ము గుబురు పక్క నుంచి చేపల దోనె ఒకటి ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. అందులో మనిషి కేక పెట్టాడు. మా పడవ ఎడమకు తిరగాలి. పడవాయన చుక్కాని పిడిని గట్టిగా ఎడమకు లాగారు. పడవ కుడికి తిరిగి, దోనెను రాసుకుంటూ పోయి, జమ్ములోకి దూసుకుపోయి నిలిచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చేపల బుట్ట ఒకటి నీళ్ళపాలైంది. పుట్టినప్పటి నుంచి కొల్లేట్లో ఉండి చుక్కాని పట్టడం రాదా అని దోనె మనిషి తిడుతూ తన బుట్ట కోసం నీళ్ళలో దేవుకుంటున్నాడు.

పడవాయన తన చేయి వంక చూసుకున్నారు.

“రోడ్డు మీదైతే తప్పుకునేవాళ్ళమండి,” అన్నారు.

గడ తీసి పడవను వెనక్కి తోయలేదు. జమ్ములో అలాగే కూర్చున్నారు, ఎడమకు లాగిన పిడిని ఎడమకే పట్టుకుని.